కలకత్తాలో నేనూ నవ్వాను

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దమనిషి రాసింది చదివాను. మగవాళ్లు మగవాళ్లను, ఆడవాళ్లు ఆడవాళ్లను ఇష్టపడటం మన దేశంలో ఎన్నడూ లేదట. బెంగాలీ సినిమావాళ్లు ఫారిన్ నుంచి తెచ్చి కలకత్తాలో అంటించారట, అక్కడి నుంచి హైదరాబాద్‌కి పాకిందట. రుజువుగా ఆయన పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లిన సుప్రియో చక్రవర్తి కేసును చూపించారు. సుప్రియో బెంగాలీ, ఉండేది హైదరాబాద్‌లో. అంతవరకూ నిజమే. ఆ హక్కు ఇవ్వడం తమ పని కాదని 2023 అక్టోబర్ 17న కోర్టు చెప్పిందీ నిజమే. మిగతాదంతా ఆయన ఊహ.

నాకు అరవై ఏడేళ్లు. పద్మారావునగర్‌లో ఉంటాను. 1988 నుంచి 2003 దాకా మావారి ఉద్యోగం వల్ల కలకత్తాలో, బెహాలాలో కాపురం. పదిహేనేళ్లు అక్కడి చేపల బజారు వాసన భరించిన తెలుగు శాకాహారిని కాబట్టి, బెంగాలీల మీద నాకూ ఒకటి రెండు ఫిర్యాదులు ఉన్నాయి. కానీ ఈ నింద వాళ్ల మీద వేస్తే ఊరుకోలేకపోయాను.

మేము మేడ మీద వాటాలో ఉండేవాళ్లం. కింద ఇంటావిడ. అందరూ మాశీమా, అంటే పిన్ని, అనేవారు, నేనూ అదే. సాయంత్రం పూట ఆవిడ కృత్తివాస రామాయణం రాగయుక్తంగా చదివేది. పదిహేనో శతాబ్దపు కవి, వాళ్లకు మన మొల్ల, భాస్కరుడు లాగా. ఒకరోజు భగీరథుడి పుట్టుక వచ్చింది. దిలీపుడు బిడ్డలు లేకుండా పోతే, శివుడి వరంతో ఆయన భార్యలిద్దరూ ఒకరితో ఒకరు కలిసి బిడ్డను కన్నారని అందులో ఉంది. ఎముకలు లేని పిల్లవాడు పుట్టాడు, అష్టావక్రుడి దయతో బాగయ్యాడు. నాకు బెంగాలీ ఇంకా అంత బాగా రాదు, తప్పుగా అర్థం చేసుకున్నానేమో అని రెండోసారి చదివించుకున్నాను. వాల్మీకిలో ఇది లేదు కదా అన్నాను. మాశీమా కళ్లజోడు సర్దుకుని "మాది కృత్తివాసుడి రామాయణం అమ్మా" అని పేజీ తిప్పేసింది. మనం రోజూ భగీరథ ప్రయత్నం అంటాం గానీ, ఆ భగీరథుడికి బెంగాల్లో ఇద్దరు తల్లులని అప్పటిదాకా నాకు తెలియదు.

అంతమాత్రాన పాతకాలం బంగారు కాలమని అనను. ఆ ఇద్దరు రాణులు దేవుడి ఆజ్ఞ మీద, వంశం నిలబెట్టడానికి ఆ పని చేశారు. బెంగాలీ ఇళ్లలో సూత్రం మన ఇళ్లలో లాంటిదే: చేసేది చెయ్యి, పెళ్లి మాత్రం చేసుకో, నోరు మాత్రం తెరవకు. అక్కడ ఈ దాపరికానికి "ఢాక్ ఢాక్ గుడ్ గుడ్" అని ఒక నానుడి ఉంది. మన గుట్టుకి అది బెంగాలీ చప్పుడు.

ఆడవాళ్ల స్నేహాలకు మాత్రం అక్కడ భలే పేర్లు ఉండేవి. ఇద్దరు స్నేహితురాళ్లు గంగాజల్ అనో, మకర్ అనో ఒక పేరు అనుకుని, ఇక జన్మంతా ఒకరినొకరు ఆ పేరుతోనే పిలుచుకునేవారు. టాగూర్ 1903 నాటి నవలలో ఆశ, వినోదిని పెట్టుకున్న పేరు చోఖేర్ బాలీ, అంటే కంట్లో నలుసు. మా మాశీమాకు పక్క సందులో ఒక గంగాజల్ ఉండేది. డెబ్భై ఏళ్లావిడ, మధ్యాహ్నం వచ్చి మాశీమా మంచం మీదే పడుకుని ఇద్దరూ నాలుగింటి దాకా గుసగుసలు. అది ఇదేనని నేను అనడం లేదు. ఏమిటని అడిగినవాళ్లు ఎవరూ లేరన్నదే నాకు గుర్తు.

ఇక ఫారిన్ సరుకు సంగతి. అది నిజంగానే ఒకటి వచ్చింది, ఓడలో వచ్చింది. మెకాలే దొర 1834 నుంచి నాలుగేళ్లు కలకత్తాలో కూర్చుని శిక్షాస్మృతి చిత్తుప్రతి రాయించాడు. 1837 నాటి ఆ ప్రతిలో, ప్రకృతి విరుద్ధమని వాళ్లనుకున్న సంబంధాల దగ్గరికి వచ్చేసరికి, ఇవి ఎంత హేయమైనవంటే వీటి గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిదని రాసుకున్నారు. దొరలదీ ఢాక్ ఢాక్ గుడ్ గుడ్డే. చివరికి 1860లో చట్టమైంది, 1862 నుంచి అమలు. 377వ సెక్షన్, యావజ్జీవం దాకా శిక్ష. అదే మెకాలే 1841లో రాసిన వ్యాసంలో బెంగాలీ మగవాడి ఒళ్లు ఆడదాని ఒంటిలా మెతక అని వెక్కిరించాడు. చట్టం కంటే ఆ వెక్కిరింపే ఎక్కువ లోతుకు దిగిందని నా అభిప్రాయం. చదువుకున్న బెంగాలీ బాబులు ఆ మాటకు తెగ సిగ్గుపడ్డారు. 1867లో మొదలైన హిందూ మేళాలో కుస్తీలు, కసరత్తులు పెట్టారు. 1902లో అనుశీలన్ సమితి అనే విప్లవకారుల సంఘం వచ్చింది. దేశం కోసమే, కాదనను. కానీ అప్పటి నుంచి మగవాడిలో కాస్త ఆడతనం కనిపిస్తే అది ఆ ఒక్కడి సంగతి కాకుండా జాతి పరువు సమస్య అయిపోయింది. మేయేలీ, అంటే ఆడంగి, పెద్ద తిట్టు అయిపోయింది.

మన ఊరేమీ తక్కువ తినలేదు. నిజాం కాలంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. చీర కట్టుకుని వీధిలో కనిపిస్తే వారంట్ లేకుండా అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. అది చెల్లదని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. నూట నాలుగేళ్లు పుస్తకంలో ఉంది. ఇది ఏ బెంగాలీ తెచ్చిపెట్టాడు?

మళ్లీ బెహాలాకి వస్తాను. మాశీమా తమ్ముడు ఒకాయన ఆ ఇంట్లోనే ఉండేవాడు, పెళ్లి కాలేదు, నలభై దాటిన మనిషి. పిల్లలకు ఛోటోమామా. సరస్వతీ పూజకు నేల మీద పిండితో ముగ్గు వేస్తే చెయ్యి ఎక్కడా ఎత్తకుండా లత మొత్తం గీసేవాడు. ఓసారి నా పట్టుచీర కుచ్చిళ్లు చూసి ఉండబట్టలేక, "బౌదీ (వదినా), అలా కాదు" అని తన కండువాతో మడతలు పెట్టి చూపించాడు. ప్రతి శనివారం సాయంత్రం కచోరీల పొట్లం పట్టుకుని శ్యామ్‌బజార్‌లో ఒక స్నేహితుడి ఇంటికి వెళ్లేవాడు, ఆదివారం పొద్దున్నే వచ్చేవాడు. వచ్చీ రాగానే మేడెక్కి నా చేతి ఫిల్టర్ కాఫీ తాగేవాడు. స్టీలు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ముందు వాసన చూసి, అప్పుడు తాగేవాడు. ఆ స్నేహితుడెవరని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. వీధి అరుగు మీద అడ్డా వేసే కుర్రాళ్లు మాత్రం ఆయన వెనక "లేడీజ్, లేడీజ్" అని ఈల వేసేవారు.

1994 దసరాల్లో, పూజ పందిరి దగ్గర, మా అబ్బాయి ఆయన నడక అనుకరించాడు. వాడికప్పుడు తొమ్మిదేళ్లు. నడుము తిప్పుతూ, చెయ్యి గాల్లో ఊపుతూ, "బౌదీ, కాఫీ" అన్నాడు. పందిరంతా నవ్వింది. నేనూ నవ్వాను. పళ్లు బిగించి ఆపుకున్న నవ్వు కూడా కాదు, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాను. తల తిప్పితే ఛోటోమామా నా పక్కనే ఉన్నాడు, చేతిలో ప్రసాదం దొన్నె. "మీ వాడు నడుము ఇంకొంచెం తిప్పాలి, నేర్పిస్తాను" అని అందరితో పాటు నవ్వాడు. ఆ ఆదివారం కాఫీకి రాలేదు. తర్వాత ఎప్పుడూ రాలేదు. కింద ఎదురైతే "భాలో తో?" అని అడిగేవాడు, బాగున్నానని చెప్పేదాన్ని. మేము ఊరు వదిలి వచ్చేదాకా తొమ్మిదేళ్లు అదే మాట, అదే జవాబు. క్షమించమని అడగడానికి తొమ్మిదేళ్లలో ఒక ఆదివారం దొరకలేదంటే మీరు నమ్మక్కర్లేదు.

ఆ తొమ్మిదేళ్లలోనే ఊరు మారడం నా కళ్లతో చూశాను. 1999 జులై 2న పదిహేను మంది పార్క్ సర్కస్ దగ్గర కలుసుకుని, రంగు చొక్కాలేసుకుని నడిచారు. ఇలాంటి ఇష్టాలు ఉన్నవాళ్ల కోసం చేసిన ఆ నడకను ఫ్రెండ్‌షిప్ వాక్ అన్నారు. దక్షిణాసియాలో అలాంటి నడకల్లో అదే మొదటిదని చెబుతారు. పదిహేను మంది! మా పూజ కమిటీలో అంతకంటే ఎక్కువ మంది ఉండేవారు. సరిగ్గా పదేళ్లకు, అదే తారీఖున, ఢిల్లీ హైకోర్టు 377 కోరలు పీకింది. అదే 1999లో ఆడవాళ్లను ఇష్టపడే ఆడవాళ్లు సాఫో అని ఒక బృందం పెట్టుకున్నారు. ఆ నడకలో ఛోటోమామా ఉంటాడేమోనని పేపర్లో ఫొటో వెతికిన మాట నిజం. లేడు.

అంతా సాఫీగా సాగిందనీ చెప్పను. 2011లో నందిగ్రామ్‌లో ఒకరినొకరు ఇష్టపడిన ఇద్దరు అమ్మాయిలు ప్రాణాలు తీసుకుంటే, శవాలను తీసుకువెళ్లడానికి ఇళ్లవాళ్లు రాలేదు. సాఫోవాళ్లు దాని మీద తీసిన డాక్యుమెంటరీ పేరులో బేవారిశ్ అన్న మాట ఉంది. ఆ మాట మనకూ తెలుసు, బేవార్స్ అని తిట్టుకు వాడతాం. దిక్కూ మొక్కూ లేని శవానికి వాడే మాటని అప్పటిదాకా నేను ఆలోచించలేదు.

మీ పాఠకుడు నిందించిన సినిమా మనిషి బహుశా ఋతుపర్ణ ఘోష్. చోఖేర్ బాలీని 2003లో ఐశ్వర్యా రాయ్‌తో సినిమాగా తీసింది ఆయనే. తర్వాత రోజుల్లో కాటుక, నగలు పెట్టుకుని అందరి ముందూ తిరిగాడు. ఆయన గొంతు, ఆయన చేతులు అనుకరించడం అక్కడి టీవీ కమెడియన్లకు అన్నం పెట్టింది. పేరున్న కమెడియన్ మీర్‌ను ఋతుపర్ణ తన షోకే పిలిచి నిలదీశాడు: నువ్వు అనుకరిస్తున్నది నన్నా, లేక ఆడతనం ఉన్న ప్రతి మగవాడినా? నన్ను చూసి నవ్వినప్పుడు ఈ ఊళ్లో అలాంటి వాళ్లందరినీ అవమానిస్తున్నట్టు ఎప్పుడైనా అనుకున్నావా? నేను ఇక్కడ పద్మారావునగర్‌లో, డిష్ పెట్టించుకున్న బెంగాలీ ఛానెల్లో అది చూశాను. పప్పులో పోపు మాడిపోయింది. ఆయన నలభై తొమ్మిదేళ్లకే 2013 మే 30న పోతే, కలకత్తాలో నందన్ అనే సినిమా కేంద్రం దగ్గర జనం బారులు తీరారు. అదే డిసెంబర్‌లో సుప్రీంకోర్టు 377ని మళ్లీ నిలబెట్టింది. పెద్దవాళ్లు ఇష్టపడి చేసుకునేది నేరం కాదని తేల్చడానికి 2018 సెప్టెంబర్ 6 దాకా పట్టింది.

ఋతుపర్ణ 2010లో నటించిన ఒక సినిమాలో చపల్ భాదురీ అనే ముసలాయన కనిపిస్తాడు. జాత్రా నాటకాల్లో చపల్ రాణిగా వెలిగిన మనిషి. మగవాళ్లంటేనే ఇష్టమని దాచుకోలేదు. ఆడవేషాలకు ఆడవాళ్లే వచ్చాక పని పోయింది. తర్వాత శీతలాదేవి వేషం కట్టి వీధుల్లో ఆడి పొట్ట పోసుకున్నాడు. శీతల అంటే మన ముత్యాలమ్మ, పోచమ్మ లాంటి అమ్మోరు. మన స్థానం నరసింహారావు గారు సత్యభామగా "మీరజాలగలడా" అంటే, ఆడవాళ్లు ఆయన చీరకట్టు నేర్చుకోవడానికే నాటకానికి వెళ్లేవారని మా అమ్మ చెప్పేది. ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చారు. స్టేజి మీద జడ వేసుకుంటే దండం పెట్టిన మనమే, స్టేజి దిగినవాడు చెయ్యి తిప్పితే పేరు పెడతాం.

ఆ పేరు గురించే అసలు ఈ ఉత్తరం. మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఏడో తరగతి పిల్లవాడొకడు కూచిపూడి నేర్చుకుంటున్నాడు. పోయిన వారం లిఫ్ట్ దగ్గర పిల్లలు వాడిని "తేడా" అన్నారు. తేడా అంటే ఏమిట్రా అని అడిగాను. ఒకడు తడుముకోకుండా మీ పత్రికలో వచ్చిందన్నాడు. పాత పేపర్లు తిరగేస్తే నిజమే, రెండు వారాల కిందటి మీ సినిమా పేజీలో ఒక హాస్యనటుడి గురించి "తేడా పాత్రలో కడుపుబ్బ నవ్విస్తాడు" అని ఉంది. మీ పాఠకుడి ఉత్తరం కంటే ఆ ఒక్క ముక్కే ఎక్కువ ఇళ్లలోకి వెళ్లింది. ఆ మాట వాడటం మానేయండి. సవరణ వేయమని అడగను, మానేస్తే చాలు.

ఇది మా అబ్బాయికి ఫోన్లో చదివి వినిపించాను. ఇప్పుడు వాడికి నలభై దాటింది. పందిరి సంగతి దగ్గరికి వచ్చేసరికి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఉత్తరం పంపమ్మా, పేరు మాత్రం వెయ్యనీయకు" అన్నాడు. వాడి మాట కాదనలేకపోయాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, రిటైర్డ్ టీచర్,
పద్మారావునగర్, సికింద్రాబాద్