డ్రమ్ము ఆయిలు అమ్మకం ఆపేశాం: మా ఖాతాదారులకు ఒక వివరణ

అనంతపురంలోని మా దుకాణానికి రాప్తాడు, నార్పల, శింగనమల వైపు నుండి ఏళ్లుగా వస్తున్న రైతులకు, డ్రైవర్లకు, మెకానిక్‌లకు నమస్కారం. ఉగాది తరువాత మా దగ్గర ఆయిల్ బ్రేకుల (ప్లేట్లు ఆయిలులో మునిగి ఉండే బ్రేకుల) ఆయిలును డ్రమ్ము నుండి లూజుగా కొని పోయించిన కొన్ని ట్రాక్టర్లలో బ్రేకు తొక్కగానే కీచుమని శబ్దం రావడం, ట్రాలీ లోడు మీద ఉన్నప్పుడు బండి కుదుపులతో ఆగడం మొదలైంది. ఈ సంగతి నా చెవిన పడేటప్పటికే బజారులో "షాపాయన ఆయిలులో ఏదో కలిపినాడంట" అన్న మాటగా మారిపోయింది.

ఇప్పటి ట్రాక్టర్లలో చాలావాటికి గేరుబాక్సు, వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్, బ్రేకు ప్లేట్లు, నాగలిని ఎత్తే లిఫ్టు అన్నీ ఒకే ఆయిలుతో నడుస్తాయని మీకు తెలుసు. ఆ ఆయిలు గేరు పళ్ల మధ్య ఒత్తిడికి తెగని పొరగా నిలవాలి, లిఫ్టు పంపులోకి తేలికగా పారాలి, అదే సమయంలో బ్రేకు ప్లేట్లు పట్టుకుని, జారి, మళ్లీ పట్టుకునే పరిస్థితి రానీయకూడదు. ఈ చివరి పని కోసమే అందులో ఘర్షణను అదుపు చేసే రసాయనాలు కలుపుతారు. అవి లేని మామూలు 90 నంబరు గేరు ఆయిలు పోస్తే బ్రేకులు అరుస్తాయి, ప్లేట్లు త్వరగా అరుగుతాయి. బ్రేకులు ఆయిలులో మునగని, అంటే డ్రై బ్రేకులున్న పాత బండ్లకు ఈ బాధ లేదు.

మాకు వచ్చినప్పుడు 210 లీటర్ల డ్రమ్ము సీలు చెక్కుచెదరకుండానే ఉంది. రంగు, వాసన, వేళ్ల మధ్య జిగురు అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. ఆ రసాయనాలు ఉన్నదీ లేనిదీ వేళ్లకు తెలియదు. అనుమానంతో పంపిణీదారు ఇచ్చిన పరీక్షా పత్రాన్ని డ్రమ్ము పక్కన పెట్టి చూస్తే, మూత మీద కొట్టిన బ్యాచ్ నంబరు ఒకటి, కాగితం మీద ఉన్నది మరొకటి. ఒక రైతు ట్రాక్టరులో ఆ ఆయిలు దించి కంపెనీ సీలు డబ్బాలోది పోయించగా, కొంతసేపు తిప్పిన తరువాత శబ్దం పోయింది. పంపిణీదారును అడిగితే "ఆయిలు ఏదైనా ఆయిలే కదా సార్" అన్నాడు. మా నాన్నగారి కాలం నుండి అతనితో వ్యాపారం చేస్తున్న నాకు ఆ మాట డబ్బు నష్టం కంటే ఎక్కువగా తగిలింది. ఇప్పుడు డ్రమ్మును గుట్టుగా వెనక్కి తీసుకుంటానంటున్నాడు. నేను ఇవ్వను. అది దుకాణం ముందే ఉంటుంది, పక్కనే కాగితం ఉంటుంది, ఎవరైనా వచ్చి రెండు నంబర్లూ చదువుకోవచ్చు.

లూజు అమ్మకం పూర్తిగా ఆపాలా అన్నది తేల్చుకోవడానికి నిద్ర పట్టని రాత్రులు గడిచాయి. రెండు లీటర్లు తగ్గితే రెండు లీటర్లే కొనుక్కునే చిన్న రైతుకు చేతిపంపు, లీటరు కొలత ఎంత ఆసరాయో నాకు తెలుసు. శనక్కాయ విత్తనానికే అప్పు చేసిన ఏడాది ఆ తేడా చిన్నది కాదు. అయినా లోపల ఏముందో నేనే చెప్పలేని సరుకును నా మాట మీద అమ్మలేను. ఇకపై ఆయిల్ బ్రేకుల ఆయిలు, గేరు ఆయిలు, ఇంజిన్ ఆయిలు సీలు డబ్బాల్లోనే దొరుకుతాయి. లీటరు డబ్బాలు కూడా తెప్పించాను, లీటరు లెక్కన ధర కొంచెం ఎక్కువే పడుతుంది.

ఇంజిన్ ఆయిలు రకంలో మాత్రం మార్పేమీ లేదు. ఎక్కువమంది వాడే 15డబ్ల్యూ-40 రకమే ఎప్పటిలాగే ఉంటుంది.

ఆ డ్రమ్ములోని ఆయిలు కొన్నవారికి పాతది దించి, ఫిల్టరు మార్చి, కొత్తది పోయించే ఖర్చు మొత్తం నాదే. బిల్లు లేకపోయినా ఖాతా పుస్తకంలో మీ పేరుంటే చాలు. ట్రాక్టరు పుస్తకంలో కంపెనీ ఏ రకం ఆయిలు చెప్పిందో ఉన్న పేజీని ఫోనులో ఫోటో తీసుకుని రండి, దాని ప్రకారమే పోస్తాం. ఏరువాక పనులు మొదలుకాక ముందే వస్తే మంచిది. ఆయిలు వేడి మీద ఉంటే అడుగున చేరిన మడ్డి కూడా దిగుతుంది కాబట్టి, చేలో పని ముగించుకుని నేరుగా దుకాణానికి బండి తీసుకురండి.