ట్రాక్ వద్దు, కట్ట మీద బాట చాలు

పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి సీతక్క గారికి బహిరంగ లేఖ

సీతక్క గారూ, నమస్కారం.

పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడుతుందన్న మాట గాలిలో వినబడితే చాలు, మా ములుగు దిక్కు పొద్దు పొడవకముందే రోడ్ల మీద పిల్లలు కనబడతారు. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలని పెట్టారు. ఆ సెకన్ల కోసం వాళ్లు ఉరుకుతున్నది ఎక్కడనుకున్నారు? 163వ నంబరు జాతీయ రహదారి అంచున. ఎదురుగా లారీ లైట్లు కళ్లలో కొడుతుంటే తెల్లగీత దిగి మట్టిలోకి, లారీ పోగానే మళ్లీ తారు మీదికి. ఆ తారుకూ మట్టికీ నడుమ చాలాచోట్ల బెత్తెడు ఎత్తు తేడా ఉంటుంది. చీలమండ బెణికేది అక్కడే. నేను బడిలో వ్యాయామం చెప్పేవాణ్ని కాబట్టి, వాచిన కాళ్లు ముందు నా దగ్గరికే వస్తాయి. ఆడపిల్లల సంగతి వేరే. తోడుగా అన్నో నాయనో బండి మీద వెనకాల వస్తేనే ఉరుకుడు, లేకుంటే ఆ రోజుకు లేదు.

ఊరూరా సింథటిక్ ట్రాక్ వేయమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. మనకు చెరువు కట్టలున్నాయి. వాటిని ఉరికే బాటలుగా గుర్తించమని అడుగుతున్నాను.

రామప్పనే తీసుకోండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన గుడి. వచ్చినవాళ్లు గుడి చూసి, ఫొటోలు దిగి, వరంగల్ తిరిగిపోతారు. గుడికి కిలోమీటరు అటూ ఇటుగా చెరువుంది. గుట్టల నడుమ సందు చూసి అడ్డంగా కట్ట పోసిన కాకతీయుల నేర్పు గుడి శిల్పానికి ఏం తక్కువ? ఆ కట్ట ఎక్కితే ఒక పక్క నీళ్లు, వాటి వెనక పచ్చటి గుట్టలు, ఇంకో పక్క కింద ఆయకట్టు మళ్లు. అక్టోబరు పొద్దున గుట్టల నడుములకు మంచు చుట్టుకుని ఉంటుంది, ఎండ పడేకొద్దీ ఒక్కో గుట్టా బయటపడుతుంది. దూరం చూస్తూ ఉరికేవాడికి ఆయాసం తెలియదంటే నమ్మండి.

కాళ్లకు కూడా కట్టే మేలు. మొరం పోసి, ఏళ్ల తరబడి పశువులూ మనుషులూ తొక్కి గట్టిపడిన నేల అది. సీసీ రోడ్డులా ఎదురు తన్నదు, ఇసుకలా కుంగదు. వాన పడ్డ మర్నాడు మాత్రం రేగడి ఉన్న చోట బూటుకు పిడికెడు మట్టి అంటుకుని, నాలుగడుగులకే కాలు బరువెక్కుతుంది. అప్పుడు పిల్లలు బూట్లు విప్పి, లేసులు ముడేసి, మెడలో వేసుకుని ఉరుకుతారు. కట్ట దిగితే ఇంకో లోకం. ఎండాకాలంలోనూ కట్ట కింద ఊరే జాలు నీళ్లు పారుతూనే ఉంటాయి, జమ్ము, తుంగ, మోకాలి దాకా దిగబడే అడుసు. ఆ అడుసు దాటి గుట్ట కిందికి పోవాలంటే పాత బండ్ల బాటలే దిక్కు. ఆ బాటలు నక్షలో, అంటే ఊరి భూముల పటంలో ఉన్నాయి. నేల మీద చూస్తే సగం పొలాల్లో కలిసిపోయాయి, మిగతా సగం సర్కారు తుమ్మ పాలు.

కాబట్టి కొత్తగా భూమి సేకరించేదేమీ లేదు. నక్ష బాటలను సర్వేయరుతో కొలిపించి, ఉపాధి కూలీలతో కంప కొట్టించి, వంద మీటర్లకొక రాయి పాతిస్తే చాలు. ఇప్పుడు మా పిల్లలు బైకు మీటరు చూసి దూరం కొలుచుకుని, కరెంటు స్తంభానికి సున్నంతో గీత పెట్టుకుంటున్నారు. బైకు మీటరులో పదో వంతు కిలోమీటరు అటూ ఇటూ అయితే, పరీక్ష రోజు ఆ వంద మీటర్లు ఎక్కడి నుంచి తేవాలి?

నీటిపారుదల శాఖ వాళ్లు కట్ట మీదికి జనం వద్దంటారేమో. వాళ్ల భయం నాకు తెలుసు. 2023 జులైలో మా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే సుమారు 65 సెంటీమీటర్ల వాన పడింది, మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచేసింది. కానీ ఒక్క మాట. కట్టకు బుంగ పడితే ముందు చూసేది ఎవరు? రోజూ ఆ దారిన పోయేవాడు. నిన్న లేని తడి ఇవాళ కనబడితే గుర్తుపట్టేది వాడే. ఉరికే పిల్లల్లో ఒకరిద్దరికి ఆ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఫోన్ నంబరు ఇచ్చి పెడితే, జీతం లేని కాపలా దొరికినట్టే. చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకుతున్న రోజుల్లో మాత్రం బాట మూసేయాల్సిందే. అక్కడ నీళ్లు పిక్క దాకానే ఉన్నాయని దిగితే, కింద పాచి పట్టిన రాయి కాలు నిలవనీయదు.

చేయకూడనివి కొన్ని చెప్పాలి. ఇనుప రెయిలింగులు, రంగుల టైల్స్, గుండె గుర్తు సెల్ఫీ పాయింటు వద్దు. గేటు అసలే వద్దు. గేటు వచ్చిందంటే టికెట్ వస్తుంది, టికెట్ వచ్చిందంటే వలలు ఆరేసుకునే ముదిరాజులూ బర్లు కాసుకునేవాళ్లూ కట్టకు పరాయివాళ్లవుతారు. బతుకమ్మ నాడు ఆడబిడ్డలు దిగే రేవును ఎవరూ ముట్టొద్దు. పొద్దున రెండు గంటలు ట్రాక్టర్లు కట్ట ఎక్కకుండా చూస్తే అదే మాకు స్టేడియం.

లక్నవరం, పాకాల చెరువుల వైపు బాటలు ఇంకా బాగుంటాయి కానీ అవి అడవిలో ఉన్నవి, అటవీ శాఖ ఒప్పుకోవాలి, తెల్లారిన తర్వాతే పోవాలి. అవి తర్వాత చూసుకోవచ్చు.

పర్వతగిరి మండలం కల్లెడ కూలీల బిడ్డ జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం తెచ్చింది. అప్పుడు ఫ్లెక్సీలు కట్టని ఊరు లేదు. అలాంటి పిల్ల ఉరకడానికి ఊళ్లో చోటేదని అడిగినవాళ్లు తక్కువ.

లాక్‌డౌన్‌లో బియ్యం మోసుకుని అడవి గూడేలకు నడిచిన మీకు ఈ బాటలు మ్యాపులో చూపించాల్సిన పని లేదు. మొదలు ఒక్క రామప్పతో పెట్టండి. వానాకాలం నాట్లకు ముందే కావాలి, ఆ తర్వాత దమ్ము చేసే ట్రాక్టర్ల కేజ్ వీల్స్ బాటను చీల్చేస్తాయి, దసరా దాకా పూడదు. గ్రామసభ తీర్మానం సంగతి, కంప కొట్టే రోజున పిల్లల్ని పోగుచేసే సంగతి మేం చూసుకుంటాం. నీటిపారుదల శాఖ అనుమతి, సర్వేయరు, ఈ రెండే మా చేతుల్లో లేవు. అవి ఇప్పించండి.

ఇట్లు,
వెంకటాపూర్ మండలం నుంచి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు