ఇంట్లో రాస్తే తేలికేం కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఎన్నారై పేజీలో అమెరికా ప్రైవేటు స్కూళ్ల అడ్మిషన్ పరీక్షల మీద వచ్చిన వ్యాసం తెనాలిలో మా అత్తయ్య చదివి ఆ రాత్రే ఫోన్ చేశారు. "ఏమ్మా, ఆ పరీక్ష ఇంట్లోనే కూర్చుని రాసుకోవచ్చట కదా, మరి చిన్నాణ్ణి ఆ చలిలో పొద్దున్నే కారెక్కించి ఎక్కడికో తీసుకెళ్లారేం?" అని. నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. మేం ఇంట్లో రాయించడం మానేయడానికి సగం కారణం ఆవిడే, ఆ సంగతి ఆవిడకి ఇప్పటికీ తెలీదు.

మీ వ్యాసంలో ఇంటి పరీక్ష సౌకర్యం అని ఒక్క ముక్కలో తేల్చేశారు. సౌకర్యం నిజమే, కానీ ఎవరికి? దాని గురించే ఈ ఉత్తరం.

మేం న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో దగ్గర ఉంటాం. చుట్టుపక్కల లారెన్స్‌విల్, పెడ్డీ లాంటి పేరున్న ప్రైవేటు స్కూళ్లున్నాయి, ఫీజులు చూస్తే కళ్లు తిరుగుతాయి, అయినా మన వాళ్లు అప్లై చేస్తూనే ఉంటారు. ఇలాంటి స్కూళ్లకి ఎక్కువగా రాసేవి రెండు పరీక్షలు, ఎస్ఎస్ఏటీ, ఐఎస్ఈఈ. కోవిడ్ తర్వాత చాలా స్కూళ్లు పరీక్ష రాయడం మీ ఇష్టం అంటున్నాయి కానీ, "మీ ఇష్టం" అంటే మన ఇళ్లలో "రాయాల్సిందే" అనే అర్థం.

మా అమ్మాయి 2021 నవంబరులో ఎనిమిదో తరగతిలో ఉండగా ఎస్ఎస్ఏటీ రాసింది. ఇంటి నుంచి రాసే పద్ధతి 2020లో వచ్చింది, అప్పటికింకా కొత్తే. కాగితం మీద రాసేది ఏడాదిలో కొన్ని శనివారాలే ఉంటుంది, మా దగ్గరి సెంటర్లో సీట్లు అయిపోయాయి. ప్రోమెట్రిక్ అనే కంపెనీ నడిపే పరీక్షా సెంటర్‌కి వెళ్లి కంప్యూటర్ మీద రాయడం ఇంకో దారి, కానీ దానికి నేనో మా ఆయనో సెలవు పెట్టాలి. ఇంట్లో అయితే ఏ గొడవా లేదు, రిజల్టు కూడా త్వరగా వస్తుంది. అంతే, ఇంకేం ఆలోచించలేదు. పిల్లని ఒక్క మాట కూడా అడగలేదు.

పరీక్ష అంటే గదిలో తనొక్కతే ఉండాలి, తలుపు వేసి ఉండాలి, బల్ల మీద ఏమీ ఉండకూడదు, కెమెరా తిప్పి గదంతా చూపించాలి. అవతల ఒక మనిషి మూడు గంటలూ చూస్తూనే ఉంటారు. మా అమ్మాయికి లెక్క చేసేటప్పుడు పెదాలు కదిపే అలవాటు, చిన్నప్పుడు ఎక్కాలు పైకి చదివించిన పాపం నాదే. మొదటి లెక్కల సెక్షన్‌లోనే నోరు కదపొద్దని స్క్రీన్ మీద మెసేజ్ వచ్చింది. రూల్ అది, వాళ్ల తప్పేం లేదు. కానీ అక్కణ్ణుంచి పిల్ల లెక్క మీద కాదు, తన పెదాల మీద ధ్యాస పెట్టింది. ఇది చాలదన్నట్టు, అప్పుడు మా దగ్గరే ఉన్న అత్తయ్య, పిల్ల పొద్దుట్నుంచి ఏమీ తినలేదని, ఉప్మా ప్లేటు పట్టుకుని తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయారు. "రెండు ముద్దలు తిని రాసుకో తల్లీ" అని. నేను వంటింట్లోంచి పరిగెత్తే లోపే అయిపోయింది. మళ్లీ గదంతా చూపించాల్సి వచ్చింది, పిల్ల ఏడుపు దిగమింగుకుంటూ మిగతాది పూర్తి చేసింది. తర్వాత వచ్చిన వెర్బల్ సెక్షన్‌లో 30 నిమిషాల్లో 60 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి అర నిమిషం. ఆ స్థితిలో ఎలా రాసుంటుందో మీరే ఊహించుకోండి.

అత్తయ్యని ఏమనగలం. ఆవిడ లెక్క ప్రకారం పరీక్ష అంటే బడిలో జరిగేది, ఇంట్లో పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుంటే అది ఆట. తలుపుకి కాగితం అంటించాల్సింది మేం, కనీసం ముందు రోజు కూర్చోబెట్టి చెప్పాల్సింది మేం.

మా వాట్సాప్ గ్రూపులో నడిచేవన్నీ ఇంకో రకం మాటలు. ఇంటి పరీక్ష తేలికట, ప్రోమెట్రిక్‌లో ప్రశ్నలు వేరేవట, కాగితం మీద రాస్తేనే స్కూళ్లు గౌరవిస్తాయట. ఇవేవీ నమ్మకండి. ఎస్ఎస్ఏటీ ఎక్కడ రాసినా సెక్షన్లు అవే, టైము అదే, పెద్ద పిల్లల లెవెల్‌లో ఒక్కో సెక్షన్‌కి 500 నుంచి 800 దాకా ఇచ్చే స్కోరూ అదే. తప్పు జవాబుకి పావు మార్కు కోత మూడింటిలోనూ ఉంటుంది. ఎంసెట్ రాసిన తరం కదా మనది, తెలీకపోయినా ఏదో ఒకటి దిద్దెయ్ అని చెప్తాం. ఇక్కడ ఆ సలహా ఇచ్చేముందు ఒకసారి ఆగాలి. అసలు మీ వ్యాసంలో చెప్పాల్సిన పెద్ద తేడా ఇదీ: ఐఎస్ఈఈలో తప్పుకి కోత లేదు, కానీ దాన్ని ఒక సీజన్‌కి ఒక్కసారే రాయనిస్తారు, ఏడాదికి మూడు సీజన్లు. స్కూలు రెండింటిలో ఏదైనా సరే అంటే, ఊరికే ఊహించి దిద్దే పిల్లలకి, ఖాళీ వదలడానికి భయపడే పిల్లలకి ఏది నప్పుతుందో ముందు అది చూసుకోవాలి. ఎక్కడ రాయాలన్నది ఆ తర్వాత.

ప్రోమెట్రిక్ సంగతి కూడా రెండు మాటలు చెప్తా. మా ఆయనా నేనూ హైదరాబాద్‌లో జీఆర్‌ఈ రాసింది ప్రోమెట్రిక్ సెంటర్లోనే, అందుకే మాకు అదంటే ఏదో నమ్మకం. అమ్మాయి రెండోసారి అక్కడే రాసింది. నెట్ పోతుందనే భయం లేదు, ఉప్మా భయం అంతకన్నా లేదు. కానీ పదమూడేళ్ల పిల్ల జేబులు తిప్పి చూపించి, సామాను లాకర్లో పెట్టి, ఏవేవో ఉద్యోగాల లైసెన్సు పరీక్షలు రాసే పెద్దవాళ్ల మధ్య కూర్చోవాలి. కొందరు పిల్లలకి అది గొప్పగా అనిపిస్తుంది. మా పిల్లకి ఆస్పత్రిలా అనిపించిందట. స్కోరు మాత్రం మొదటిసారి కన్నా బాగా వచ్చింది. చివరికి ఇక్కడి పబ్లిక్ స్కూలే, అంటే ప్రభుత్వ బడే, చాలంది, హాయిగా చదువుకుంటోంది, అది వేరే కథ.

అందుకే మావాడి వంతు వచ్చేసరికి పద్ధతి మార్చాం. వేసవిలో ఒక ఆదివారం ప్రాక్టీసు పరీక్ష మొత్తం కాగితం మీద, రెండు వారాల తర్వాత ఇంకోటి కంప్యూటర్ మీద రాయించాం, టైము పెట్టి, మధ్యలో లేవనివ్వకుండా. మొత్తం మార్కులు అటూ ఇటూగా ఒకటే. తప్పులు చూస్తే మాత్రం తేడా కనబడింది. కాగితం మీద రీడింగులో ఏడు తప్పులు, స్క్రీన్ మీద పన్నెండు. వాడు పాసేజీలో పేర్ల కింద గీతలు గీస్తాడు, పక్కన బాణాలు వేస్తాడు, పెన్సిల్ చేతిలో ఉంటే నింపాదిగా చదువుతాడు. మౌస్ చేతికిస్తే ఆట ఆడుతున్నట్టు నొక్కుకుంటూ పోతాడు. మేం మార్కులే కూడుకుని ఊరుకుంటే ఇది తెలిసేదే కాదు.

కాగితానికి దాని తంటాలు దానికున్నాయి. ఒక ప్రశ్న వదిలేసి జవాబు కాగితంలో ఆ గడి వదలడం మర్చిపోతే కింద వరుసంతా జారిపోతుంది. మా ఆయన 1999లో ఎంసెట్‌లో సరిగ్గా అలాగే పదకొండు బుడగలు దిద్దాక చూసుకుని చెమటలు కక్కారు, ఇప్పటికీ ఆ కథ ఏడాదికోసారైనా వినాల్సిందే. ఇంకోటి, వ్యాసం. 25 నిమిషాల్లో రాసే ఆ వ్యాసానికి మార్కులుండవు కానీ దాన్ని స్కూళ్లకి పంపుతారు. కంప్యూటర్ మీదైతే టైపు చేస్తారు, కాగితం మీదైతే చేత్తో రాయాలి. మావాడి రాత కోడి గీరినట్టుంటుంది. ఇక్కడ స్కూల్లో అన్నీ క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్ మీదే, చేత్తో ఒక పేజీ రాసిన రోజు లేదు. టైపింగ్ కోసం కంప్యూటర్ పరీక్షే తీసుకుందామా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాం. "రీడింగుకి మార్కులున్నాయి, రాతకి లేవు, రాత నేర్చుకుంటాలే" అన్నాడు వాడే. సెప్టెంబరంతా రోజుకో పేజీ రాశాడు. ముత్యాల్లా అయితే రాలేదు గానీ చదవగలిగేలా వచ్చింది. పరీక్ష అయ్యాక ఎలా రాశావురా అంటే "పెన్సిల్ రెండుసార్లు చెక్కుకున్నా" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

అందరికీ కాగితమే మంచిదని అనడం లేదు. జనంలో కూర్చుంటే చేతులు వణికే పిల్లలుంటారు, వాళ్లకి ఇల్లే నయం, ఇంట్లో పెద్దవాళ్లకి ముందే నచ్చజెప్పి ఇల్లు నిశ్శబ్దంగా ఉంచగలిగితే. చూడడంలో, రాయడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకి అదనపు టైము లాంటివి ఇస్తారు, కానీ అది ముందుగా అప్లై చేసి అనుమతి తెచ్చుకోవాల్సిన పని, పరీక్ష వారం ముందు గుర్తొస్తే లాభం లేదు. జనవరి మధ్యలో అప్లికేషన్ల గడువు ముగిసే స్కూళ్లు ఎక్కువ కాబట్టి, రెండోసారి రాసే వీలుండేలా మొదటి పరీక్ష శీతాకాలం ముదరకముందే పెట్టుకుంటే మంచిది.

ఈ గోలంతా కూకట్‌పల్లిలో ఉన్న మా చెల్లితో చెప్తే, "నీకు కనీసం ఎక్కడ రాయాలో ఎంచుకునే వీలుంది కదే" అంది. దాని కొడుకు ఎల్‌కేజీకి ఒక స్కూలు "ఇంటరాక్షన్" అని పిలిచి, పిల్లాణ్ణి ఒక గదిలో, వీళ్లని ఇంకో గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేసిందట. అడ్మిషన్ కోసం పిల్లల్నిగానీ తల్లిదండ్రుల్నిగానీ వడపోయకూడదని 2009 విద్యాహక్కు చట్టంలో 13వ సెక్షన్ ఉంది. పరీక్ష అనే మాట వాడకుండా పరీక్ష ఎలా పెడుతున్నారో మీ పాఠకులకి నేను చెప్పక్కర్లేదు. దాని మీద కూడా మీరొక పేజీ వేస్తే బావుంటుంది.

అత్తయ్య ప్రశ్నకి ఏం జవాబు చెప్పానంటారా? "బయటికెళ్లి కాగితం మీద రాస్తే ఫీజు తక్కువ అత్తయ్యా" అన్నాను. అదీ అబద్ధం కాదు, మిగతా రెండింటి కన్నా తక్కువే. ఆవిడ సంతోషించి, డబ్బు విలువ తెలిసిన కోడలని మెచ్చుకున్నారు కూడా. మీ పేపరు ఆవిడ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా చదువుతారు, కాబట్టి దయచేసి ఈ ఉత్తరం కింద నా పేరు మాత్రం వేయకండి.

ఇట్లు
ఒక తల్లి, న్యూజెర్సీ