లోటు రూ. 7,559: ప్రకాశం గారి సభ జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చినవారికి, వచ్చి కూర్చుని విన్నవారికి, వంట దగ్గర చెయ్యి వేసినవారికి నమస్కారం.

ఆగస్టు 22, 23 తేదీల్లో ఒంగోలు లాయరుపేటలో ఒక హాలు అద్దెకు తీసుకుని, టంగుటూరి ప్రకాశం గారు శాసనసభ్యుడిగా, మంత్రిగా ప్రభుత్వం డబ్బు విషయంలో ఏం చేశారన్న దాని మీద సభ, పటాల ప్రదర్శన పెట్టాం. నెలలోపు లెక్క చెబుతామని రశీదు వెనక అచ్చు వేయించాం. దాచేదేమీ లేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాం. జమ 82,291 రూపాయలు, ఖర్చు 89,850 రూపాయలు. లోటు 7,559. ఆ లోటును ప్రస్తుతానికి మా కోశాధికారి గారు సొంత జేబులోంచి సర్దారు. అది విరాళం కాదు, చేబదులు. తీర్చాలి.

జమ సంగతి. కమిటీలో ఉన్న పద్నాలుగు మందిమి తలా వెయ్యి వేసుకుంటే 14,000. ట్రంకు రోడ్డు, కర్నూలు రోడ్డు, సంతపేట తిరిగి రశీదు పుస్తకాల మీద వసూలు చేసింది 41,350. రిటైరైన ఉపాధ్యాయులు కొందరు కలిసి 15,000 ఇచ్చారు. ప్రదర్శన గుమ్మం దగ్గర పెట్టిన డబ్బాలో 3,286 పడ్డాయి. అందులో ఆరు రూపాయలు చిల్లర నాణేలు, లెక్కపెట్టిన కుర్రాడికి విసుగొచ్చింది. పుస్తకాలు ఇరవై రూపాయల చొప్పున 312 అమ్మితే 6,240 వచ్చింది. పోయినేటి నిల్వ 2,415.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. మొదటిది, ఒక పెద్దమనిషి 25,000 ఇస్తానన్నారు. ఫ్లెక్సీ మీద ప్రకాశం గారి పక్కన తన బొమ్మ వేయాలన్నది షరతు. వద్దన్నాం. ఆ డబ్బు తీసుకుని ఉంటే ఇవాళ లోటు మాటే ఉండేది కాదని కమిటీలో ఇద్దరు ఇప్పటికీ సణుగుతున్నారు. వాళ్ళ సణుగుడు కూడా ఇందులో రాయమన్నారు, రాశాం.

రెండోది, ఒక దాత ఇచ్చిన 2,000 వెనక్కి ఇచ్చేశాం. పైన చెప్పిన 41,350 ఆ రెండు వేలు తీసేశాక మిగిలినదే. ప్రదర్శన చూసి ఆయనకు కోపం వచ్చింది. "పుట్టినరోజు నాడు పంతులు గారి తప్పులు ఎత్తి చూపడానికా మేం డబ్బులిచ్చింది?" అన్నారు. తప్పులని మేం రాయలేదు. ఆనాడు వచ్చిన విమర్శ ఇదీ అని రాశాం. అయినా వాదించకుండా రశీదు మీద "వాపసు" అని రాసి సంతకం తీసుకున్నాం.

ఆయన కోపానికి కారణమైన పటం ఏడోది. 1946 ఏప్రిల్ 30న ప్రకాశం గారు మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయ్యారు. ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు. కొత్త బట్టల మిల్లులు వద్దు, ఉన్నవాటికి కొత్త కదుళ్ళు వద్దు, ఊళ్ళలో రాట్నం తిరగాలి అన్నది ఆయన పట్టు. మిల్లు యజమానులు మండిపడ్డారు, సొంత పార్టీలోనూ చాలామందికి రుచించలేదు. ఆ పటం ముందు చీరాల వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన చాలాసేపు నిలబడ్డాడు. నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్న మనిషి. "రాట్నం నూలు పేకకు సరేనయ్యా, పడుగుకు పెడితే పుటుక్కున తెగిద్ది. మిల్లు నూలు రాకపోతే మగ్గం ఆగిపోద్ది" అన్నాడు. పడుగంటే మగ్గం మీద బిగించే నిలువు పోగు, పేక అంటే అడ్డం పోగు. జేబులోంచి దారప్పోగు ఒకటి తీసి రెండు వేళ్ళ మధ్య లాగి చూపించాడు. వేదిక మీద గంటసేపు మాట్లాడిన వక్త కంటే ఆ పోగే మాకు బాగా చెప్పింది. చేనేత బతకాలంటే మిల్లు ఆగాలా, మిల్లు నడవాలా అన్న తగువు అక్కడే మొదలై మధ్యాహ్నం భోజనాల దాకా నడిచింది.

అదే ఏడాది మొదలైన ఫిర్కా అభివృద్ధి పథకానికి ఇంకో పటం పెట్టాం. ఫిర్కా అంటే తాలూకాలో కొన్ని ఊళ్ళను కలిపిన రెవెన్యూ భాగం. మొదట 34 ఫిర్కాలు ఎంచుకుని బావులు, రోడ్లు, ఖాదీ, సాగు అన్నీ ఒకచోట చేయాలన్న పథకం అది. దాని ముందు ఎవరూ ఆగలేదు. 1947 మార్చిలో సొంత పార్టీవాళ్ళే ఆయన్ని దింపారు, పదకొండు నెలలు కూడా నిండలేదు.

ఇక ఖర్చు. హాలుకు రెండు రోజుల అద్దె, కరెంటుతో కలిపి 12,000. మొదటి రోజు సాయంత్రం నలభై నిమిషాలు కరెంటు పోయింది, జనం సెల్‌ఫోన్ లైట్లు వేసుకుని పటాలు చదివారు. అద్దె తగ్గించమని అడిగాం, తగ్గించలేదు.

షామియానా, కుర్చీలు, మైకు 14,500. దాని మీద జీఎస్‌టీ 18 శాతం, 2,610. మొత్తం 17,110. బిల్లు లేకుండా అయితే ఆ 2,610 మిగులుతుందని టెంటు హౌసు ఆయనే చెప్పాడు. ప్రభుత్వ ఆదాయం మీద సభ పెట్టి పన్ను ఎగ్గొడితే బాగుండదని బిల్లే తీసుకున్నాం. అసలు ఈ అమ్మకం పన్ను కథ కూడా మా మూడో పటంలో ఉంది. 1937లో రాజాజీ మంత్రివర్గంలో ప్రకాశం గారు రెవెన్యూ మంత్రి. ఆ మంత్రివర్గం ఆ ఏడాది అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది. కల్లు, సారా మీద వచ్చే ఆదాయానికి గండి పడింది. ఆ గండి పూడ్చడానికి 1939లో సాధారణ అమ్మకం పన్ను చట్టం తెచ్చారు. దేశంలో అలాంటి పన్ను వేసిన మొదటి రాష్ట్రం మద్రాసే. అంటే మా కుర్చీల బిల్లు మీద పడ్డ పన్నుకు ముత్తాత అక్కడే పుట్టాడన్నమాట.

మద్యనిషేధమే మళ్ళీ ఆయన మెడకు చుట్టుకుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ఆయన మొదటి ముఖ్యమంత్రి. నిషేధం సంగతి చూడమని వేసిన రామమూర్తి కమిటీ, ఎత్తేయమంది. ఖజానా ఖాళీగా ఉన్న కొత్త రాష్ట్రం, గీత కార్మికుల ఆందోళన ఒకవైపు. ప్రకాశం గారి ప్రభుత్వం ఎత్తేయలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గి ప్రభుత్వం కూలిపోయింది. ఈ పటం ముందు నెల్లూరు జిల్లా కలిగిరి వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఆగారు. దూబగుంటలో సారా మీద తిరగబడ్డ 1992 నాటి రోజులు వాళ్ళకు కళ్ళకు కట్టినట్టు గుర్తున్నాయి. రాష్ట్రమంతటా సారా ఆపింది 1993 అక్టోబరు 1న. సేలం, ఆంధ్ర రాష్ట్రం, సారా నిషేధం, మూడూ అక్టోబరు 1నే అని వాళ్ళలో ఒకామె పట్టేసింది. పటం రాసిన మాకు తట్టలేదు. "ఆదాయం పోయిద్దని లెక్కలు చెప్తారు గానీ, మా ఇంట్లో పోయిన ఆదాయం ఎవరు లెక్కేశారు?" అని ఆమె అడిగితే వేదిక మీదివాళ్ళు మొహాలు చూసుకున్నారు.

పటాలు ఇరవై నాలుగు, ఒక్కోటి 400, వెరసి 9,600. ఫ్లెక్సీలు రెండు, 1,800. అందులో ఒకటి మళ్ళీ వేయించాల్సి వచ్చి ఇంకో 900. దీనికి మాదే తప్పు. ప్రకాశం గారు పుట్టింది 1872 ఆగస్టు 23న, వినోదరాయునిపాలెంలో. ఫ్లెక్సీ మీద 1972 అని పడింది. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో పంపి చూడమంటే, చూసినవాళ్ళం ఫొటో బాగుందా లేదా అని చూసి ఓకే అనేశాం. పొద్దున హాలు ముందు కట్టాక ఒక హైస్కూలు పిల్ల చెప్పింది. 1972 ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టిన ఏడాది కదా, దాన్ని అలా సర్దేద్దాం అన్నవాళ్ళూ ఉన్నారు. సర్దలేదు. ఆ 900 కమిటీవాళ్ళమే భరించాలని కొందరు చందాదారులు అంటున్నారు. న్యాయమే. వచ్చే సమావేశంలో తేలుస్తాం.

పుస్తకం 500 కాపీల అచ్చు 11,500. పాత పత్రికలు చూసి రాసుకోవడానికి, జిరాక్సులకు, బస్సు ఛార్జీలకు 1,960. ఇందులో ఎక్కువ భాగం వేటపాలెం సారస్వత నికేతనానికి మూడుసార్లు వెళ్ళి వచ్చినందుకు. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయం లేకపోతే ఈ పుస్తకంలో సగం పేజీలు ఉండేవి కావు. పుస్తకంలో పెద్ద అధ్యాయం జమీందారీల మీద. 1937లో వేసిన విచారణ సంఘానికి ప్రకాశం గారే అధ్యక్షుడు. భూమి రైతుది, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే, 1802లో శాశ్వత పరిష్కారం (జమీందారు సర్కారుకు కట్టాల్సింది శాశ్వతంగా ఖాయం చేసిన ఏర్పాటు) వచ్చేనాటికి ముందున్న శిస్తే వసూలు చేయాలి అని 1938లో నివేదిక ఇచ్చారు. చట్టం అయ్యేలోపు యుద్ధం వచ్చింది, 1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది. జమీందారీల రద్దు చట్టం 1948లో గానీ రాలేదు, అప్పటికి ఆయన పదవిలో లేరు. వెంకటగిరి జమీను ఉండిన పాత నెల్లూరు జిల్లావాళ్ళకు ఇది పుస్తకాల్లో సంగతి కాదు. దశాబ్దాలుగా నెల్లూరులో ఒక పత్రిక 'జమీన్ రైతు' అన్న పేరుతోనే నడుస్తోందంటే ఆ తగువు ఎంత లోతో తెలుస్తుంది. వెంకటగిరి నుంచి వచ్చిన ఒకాయన తాత కట్టిన శిస్తు రశీదు తెచ్చి చూపించారు. మడతల దగ్గర చిరిగి, ప్లాస్టిక్ కవరులో ఉంది. జిరాక్సు తీసుకోనివ్వలేదు, ఫొటో మాత్రం తీసుకోనిచ్చారు.

వక్తల ప్రయాణ ఖర్చులు 6,870. ముగ్గురూ సంభావన వద్దన్నారు. వ్యాసరచన పోటీ బహుమతులు 3,000. టీలు, మంచినీళ్ళు 4,325. ఆటోలు, తాళ్ళు, గమ్ టేపు, ఇంకా చిల్లర మల్లర 2,145.

మిగిలింది భోజనాలు, 18,640. అందరి కళ్ళూ దీని మీదే ఉన్నాయి. పటాలకు తొమ్మిది వేల చిల్లర పెట్టి తిండికి రెట్టింపు పెడతారా అని అడిగారు. వంట మాస్టరుకు, ఇద్దరు సహాయకులకు 4,500. కూరగాయలు, కిరాణా, పెరుగు 10,940. విస్తళ్ళు, గ్యాసు, పాత్రల అద్దె 3,200. బియ్యం బస్తా ఒకరు ఊరి నుంచి పంపారు కాబట్టి అది లెక్కలోకి రాలేదు. మేం 120 మందికి అనుకున్నాం. మొదటి రోజే 190 మంది వచ్చారు. రెండో బంతికి సాంబారు పలచనైంది, మూడో బంతికి వంకాయ కూర అయిపోయి అప్పటికప్పుడు దోసకాయ పప్పు వండించాం. ప్రకాశం గారి తల్లి సుబ్బమ్మ గారు ఇదే ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు, ఆయన సభలో అన్నం లెక్క అడగకూడదని ఒకరు మా తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. అడగాలనే మా అభిప్రాయం. పూటకూళ్ళ ఇంట్లో ఏ పూటకు ఎన్ని విస్తళ్ళు లేచాయో లెక్క చూసుకోకపోతే మర్నాటికి పొయ్యి వెలగదు. పేర్లు ముందే రాయించుకుని ఉంటే మూడో బంతి తిప్పలు తప్పేవి. అది మా చేతకానితనం.

ఆయన సొంత డబ్బు ఎలా పోయిందో కూడా పటం పెట్టాలని మొదట అనుకున్నాం. బారిస్టరుగా మద్రాసులో సంపాదించినదంతా 1921లో పెట్టిన 'స్వరాజ్య' పత్రికలో పోయింది. కానీ సొంత డబ్బు తగలేసుకున్నాడు కాబట్టి సర్కారు డబ్బు బాగా చూశాడు అనడం తర్కానికి నిలవదని ఒక మాస్టారు అడ్డం పడ్డారు. ఆ పటం తీసేశాం. రెండు జేబులు వేరు, రెండు లెక్కలు వేరు. తీసేసినందుకు ఇప్పుడు నాకు కాస్త బాధగా ఉంది, ఒక పక్కగానైనా పెట్టాల్సింది.

లోటు ఎలా తీరుతుంది అంటే, అచ్చయిన 500 పుస్తకాల్లో 312 అమ్ముడుపోయాయి, 60 హైస్కూళ్ళకు ఊరికే ఇచ్చాం. 128 మిగిలాయి. అవన్నీ అమ్ముడైతే 2,560 వస్తుంది. అప్పటికీ 4,999 తగ్గుతుంది. అయిదు వేలకు ఒక్క రూపాయి తక్కువ. దాని కోసం మళ్ళీ వసూళ్ళకు రాము. కమిటీవాళ్ళం విడతలుగా వేసుకుని కోశాధికారి గారి బాకీ తీరుస్తాం, తీరాక ఆ సంగతీ రాస్తాం.

ఓచర్లు, బిల్లులు, రశీదు పుస్తకాల అడుగు కాగితాలు ఒక ఫైల్లో ఉన్నాయి. వచ్చే రెండు ఆదివారాలు ఉదయం పది నుంచి పన్నెండు దాకా అదే హాలు వరండాలో ఇద్దరం కూర్చుంటాం. ఎవరైనా చూసుకోవచ్చు, చందా ఇవ్వనివాళ్ళు కూడా. ఆటోల ఖర్చులో 340 రూపాయలకు మాత్రం కాగితం లేదు, అడిగితే నోటి మాటే చెప్పగలం.

సభలో మర్చిపోయిన ఒక నల్ల గొడుగు, కళ్ళజోడు, పెద్ద స్టీలు గరిటె కూడా అక్కడే ఉంటాయి. గరిటె మీద పేరు చెక్కి ఉంది కానీ అరిగిపోయింది, మొదటి అక్షరం 'వె' అనుకుంటున్నాం.