చీటీలు మళ్లీ చేత్తోనే రాస్తున్నాం

మన సభ్యులందరికీ నమస్కారం.

బ్రాడీపేటలో మన అద్దె పుస్తకాల షాపులోకి రాగానే ఎడమచేతి వైపు ఉండే చీటీల బీరువా మూడు నెలలుగా మారిపోయిందని మీరు గమనించారు. కొందరు అడిగారు, కొందరు అడక్కుండానే రావడం తగ్గించారు. అడిగినవాళ్లకు కూడా నేను సూటిగా జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

కొత్తగా చేరినవాళ్లకు ఆ బీరువా సంగతి తెలియదు. షాపులో పనిచేసే ముగ్గురం, చదివిన పుస్తకంలో ఒక చీటీ పెడతాం. పాత క్యాలెండరు కాగితం వెనక బాల్‌పెన్నుతో నాలుగు లైన్లు. ఎవరికి నచ్చుతుంది, ఎక్కడ కాస్త ఓపిక పట్టాలి, ఇది నచ్చితే తర్వాత ఏం చదవాలి, ఏ సినిమా చూడాలి. కింద రాసినవాళ్ల పొడి అక్షరాలు. పుస్తకం పూర్తిగా చదవకుండా, సినిమా చివరిదాకా చూడకుండా చీటీ రాయకూడదని మొదటిరోజే పెట్టుకున్నాం. 'అమరావతి కథలు'లో మా కౌంటరు అమ్మాయి రాసింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "రోజుకి ఒక్క కథే చదవండి. వీటిని శ్యామ్ బెనగళ్ గారు దూరదర్శన్‌కి హిందీలో సీరియల్‌గా తీశారు. దొరికితే చూడండి, కానీ కథలు చదివాకే. సెలవురోజు పుస్తకం సంచిలో పెట్టుకుని అమరావతి బస్సెక్కండి." నిజంగానే బస్సెక్కి వెళ్లి, కృష్ణ ఒడ్డున కూర్చుని చదివి వచ్చామని చెప్పినవాళ్లున్నారు.

జూన్‌లో ఒక డిస్ట్రిబ్యూటరు వచ్చాడు. పుస్తకాలు కొన్నప్పుడు ధరలో నాకు మామూలుగా తగ్గించే కమిషన్ 25 శాతం. ఇతను 40 ఇస్తానన్నాడు, డబ్బు మూడు నెలల తర్వాత కడితే చాలన్నాడు. బదులుగా ఆ బీరువా మొత్తం అతని స్టాకుకి ఇవ్వాలి, ప్రతి పుస్తకంలో వాళ్లు అచ్చు వేయించిన సిఫార్సు కార్డు ఉండాలి. అదే నెలలో షాపు అద్దె పెరిగింది. సరేనన్నాను. మా చీటీలన్నీ తీసి ఒక చెప్పుల అట్టపెట్టెలో సర్దాను. కౌంటరు అమ్మాయి ఒక్క మాట కూడా అనలేదు. తల వంచుకుని రిజిస్టరు రాసుకుంది.

ఆగస్టులో, రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు బుచ్చిబాబు గారి 'చివరకు మిగిలేది' తీసుకెళ్లి మర్నాడే తెచ్చేశారు. లోపలి కార్డు మీద వేలు పెట్టి చూపించారు. ఈ నవలే సావిత్రి గారి సినిమాగా వచ్చింది, తప్పక చూడండి అని ఉంది. పేరు ఒకటే గానీ రెండింటికీ సంబంధం లేదు. 1960లో వచ్చిన ఆ సినిమా బెంగాలీ కథ ఆధారంగా తీసింది, సావిత్రి గారు అందులో పిచ్చాసుపత్రి నర్సు. నవల దయానిధిది, తల్లి మీద పడ్డ నింద జీవితమంతా వెంటాడినవాడిది.

"ఎవరయ్యా రాసింది?" అన్నారు.

"మేం కాదు మాస్టారూ, కంపెనీ వాళ్లు పంపించారు."

"నీ బీరువాలో ఉంది కదయ్యా."

ఆ రాత్రి షట్టరు దించి 140 కార్డులూ చదివాను. 31 కార్డుల్లో "హృదయాన్ని హత్తుకునే" అన్న మాట ఉంది. నాలుగే వాక్యాలు, పేర్లు మార్చి తిప్పి తిప్పి వేశారు. రాసినవాళ్లు అట్ట వెనక రెండు లైన్లు కూడా చదివినట్టు లేదు. భర్త పోయి ఏడాది తిరగని ఒక అక్కకి, మొదటి అధ్యాయంలోనే భర్త చనిపోయే నవలని "సరదా కుటుంబ కథ" అని ఇచ్చింది ఆ కార్డే. ఇచ్చింది నా చేతులతో. ఆమె ఏమీ అనలేదు, పుస్తకం తిరిగి ఇచ్చి వెళ్లిపోయారు. ఎందుకో నాకు ఆ రాత్రి తెలిసింది.

స్టాకు వెనక్కి పంపాలా వద్దా అని పదకొండు రోజులు నలిగిపోయాను. పంపితే 40 శాతం పోతుంది, గడువూ పోతుంది, పాత బాకీ వెంటనే కట్టాలి. ఉంచుకుని కార్డులు మాత్రం చింపేద్దామంటే ఒప్పందం ఒప్పుకోదు. ఇంట్లో మా ఆవిడ లెక్కలు వేసి, దసరా దాకా ఆగమంది. ఆమె లెక్కలో తప్పు లేదు. కానీ రోజూ షట్టరు తీయగానే ఆ బీరువా ముందునుంచి నడవాలి కదా, నా వల్ల కాలేదు.

ఫోన్ చేస్తే డిస్ట్రిబ్యూటరు అన్న మాట ఇప్పటికీ మింగుడుపడటం లేదు. గమ్ము అంటించిన పుస్తకం వాపసు తీసుకోరట. ఆ గమ్ము అంటించింది ఎవరు? అతని మనిషే, నా షాపులో, నా బల్ల మీద కూర్చుని, మేం ఇచ్చిన టీ తాగుతూ 61 పుస్తకాలకి అంటించి వెళ్లాడు. మిగతావాటిలో కార్డు ఊరికే దూర్చాడు, అవి తీసుకున్నారు, అదీ లారీ ఖర్చు నా మీద వేసి. వాదించి లాభం లేక 61కీ డబ్బు కట్టేశాను. ఇంత జరిగాక అతని దగ్గర ఒక్క పుస్తకం కూడా కొనను, 60 శాతం ఇచ్చినా సరే.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం తడి దూదితో ఆ కార్డులు ఊడదీస్తున్నాం. తొందరపడితే లోపలి పేజీ పొర లేచి వస్తుంది, అందుకే రోజుకి నాలుగైదుకి మించి కావడం లేదు. శుభ్రమైనవి వెనక అరలో ఉంటాయి. మాలో ఒకరు చదివాకే ముందుకొస్తాయి.

అట్టపెట్టెలోని చీటీలు సోమవారం నుంచి మళ్లీ బీరువాలో ఉంటాయి. నెల చందా 150 నుంచి 180 అవుతుంది, డిపాజిట్ మారదు. ఏదైనా చదవడానికి ఇవ్వమని మీరు అడిగితే, మీకు నచ్చిన పుస్తకం ఏది అనే కాదు, మధ్యలో వదిలేసింది ఏది అని కూడా అడుగుతాం. మీకేం ఇవ్వకూడదో అక్కడే తెలుస్తుంది. కాస్త ఓపిగ్గా చెప్పండి.

అచ్చు కార్డు ఉన్న పుస్తకం మీ ఇంట్లో ఉంటే తెచ్చివ్వండి, దానికి అద్దె తీసుకోం. ఆ అక్కకి నేనే వెళ్లి చెప్పి వచ్చాను. మాస్టారు ఆ రోజు తర్వాత రాలేదు. ఆయన అడిగిన 'మాలపల్లి' రెండు భాగాలూ కౌంటరు కింద సొరుగులో తీసిపెట్టాం. చీటీ కౌంటరు అమ్మాయి రాసింది. మీలో ఎవరికైనా ఆయన కనిపిస్తే చెప్పండి.