ఆ ప్రమాణంలో ఏముందంటే

నాన్నకి,

మొన్న ఫోన్‌లో "అయితే ఇండియాని వదిలేసినట్టేనా?" అన్నావు. నవ్వేసి మాట మార్చాను.

వదిలేశాను నాన్నా. నోటితో చెప్పి మరీ వదిలేశాను. అమెరికా పౌరసత్వం ఇచ్చే రోజు హాల్లో అందర్నీ నిలబెట్టి, కుడి చెయ్యి ఎత్తించి ప్రమాణం చేయించారు. ఇదివరకు నేను ఏ రాజుకి, ఏ ప్రభువుకి, ఏ దేశానికి చెందినదాన్నో ఆ విధేయత మొత్తం వదులుకుంటున్నానని అందులో ఉంటుంది. రాజు అనగానే నవ్వొచ్చింది, 1950 నుంచి మనకి రాజెక్కడ? దేశం అనే మాట దగ్గర మాత్రం గొంతు పెగల్లేదు. పలికానో, పెదాలు కదిపానో నాకే తెలీదు. మనసులో ఏమీ దాచుకోకుండా ఈ ప్రమాణం చేస్తున్నానని చివర్లో ఇంకో మాట ఉంది. అది గట్టిగానే అన్నాను!

ఇండియా వైపు నుంచి నన్నెవరూ ఏమీ అడగలేదు. 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, మనంతట మనం ఇంకో దేశం పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. పాస్‌పోర్టు తర్వాత పంపాను. రద్దయినట్టు ముద్ర వేసి, సరెండర్ సర్టిఫికెట్‌తో తిరిగిచ్చారు. స్టూడియోలో నువ్వు పక్కన నిలబడి తీయించిన ఫొటో దాన్లోనే ఉంది. బీరువాలో పెట్టాను.

ఓసీఐ కార్డుకి, అంటే వేరే దేశం పౌరులైపోయిన మనవాళ్లకి ఇండియా ఇచ్చే కార్డుకి, అప్లై చేశాను. దాంతో ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనకూడదు. పొలం గురించి నీ టెన్షన్ తెలుసు. నా పేరున గిఫ్ట్ డీడ్ రాస్తానన్నావు కదా, ఇక అది కుదరదు. వారసత్వంగా అయితే రావచ్చు, వీలునామా చాలు. కూతురు రాయాల్సిన మాట కాదు, కానీ అడిగింది నువ్వే.

గ్రీన్ కార్డుతోనే ఉండిపోవచ్చుగా అంటావు. పోయినేడు నీ ఆపరేషన్‌కి వచ్చినప్పుడు రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను, గుర్తుందా? ఆర్నెల్లు దాటితే అమెరికా ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు, ఏడాది దాటితే కార్డే పోవచ్చు. నువ్వింకా కర్ర పట్టుకుని నడుస్తుండగానే బయల్దేరాను. ఇప్పుడా లెక్క లేదు. ఓసీఐ ఉంటే ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు. వదిలేసింది అందుకే అంటే అమ్మ నమ్మదేమో, నువ్వే చెప్పు.

కార్డు చేతికి రాగానే టికెట్ తీస్తాను. తిరుగు ప్రయాణం తేదీ ఇంకా అనుకోలేదు.

నీ అమ్మాయి