డెడ్‌లిఫ్ట్ నేర్పే ముందు కడ్డీ ఎత్తు సరిచూడాలి

సంపాదకులకు,

అయ్యా,

ఇప్పుడు మండల కేంద్రాల్లో కూడా జిమ్‌లు వెలిశాయి. వాటిలో చేరినవారు నెల తిరగకుండానే డెడ్‌లిఫ్ట్‌కు, అంటే నేల మీదున్న బరువుల కడ్డీని పట్టుకుని నిటారుగా లేచి నిలబడే వ్యాయామానికి, దిగుతున్నారు. నడుము వంగిపోతోందని కోచ్‌లు కేకలు వేయడమే తప్ప, ఎందుకు వంగుతోందో చూసేవారు తక్కువ. నా ఉద్దేశంలో చాలాసార్లు కారణం కడ్డీకి తగిలించిన ప్లేట్ల పరిమాణమే.

పోటీల్లో వాడే 20 కిలోల ప్లేటు వ్యాసం 45 సెం.మీ. కనుక కడ్డీ నేల నుంచి 22.5 సెం.మీ. ఎత్తున నిలుస్తుంది, డెడ్‌లిఫ్ట్ గురించి సాధారణంగా చెప్పే సూచనలన్నీ ఆ ఎత్తును బట్టి చెప్పేవే. కొత్తవారికి మన జిమ్‌లలో ఎక్కువగా ఇచ్చేవి 5, 10 కిలోల చిన్న ఇనుప ప్లేట్లు. 30 సెం.మీ. వ్యాసమున్న ప్లేటు తగిలిస్తే కడ్డీ 7.5 సెం.మీ. కిందికి దిగిపోతుంది. దాన్ని అందుకోబోయేసరికి తొడ వెనుక కండరాలు ఇక సాగక, కటి భాగం ముడుచుకుని, నడుము గుండ్రంగా వంగుతుంది. అంటే, అందరికంటే తక్కువ బరువు ఎత్తే కొత్తవారే అందరికంటే కష్టమైన భంగిమలో మొదలుపెట్టవలసి వస్తోందన్నమాట. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఈ చిక్కు లేదు. పోటీ రబ్బరు ప్లేటు 10 కిలోలదైనా 25 కిలోలదైనా వ్యాసం ఒక్కటే. వెయిట్‌లిఫ్టర్లకు పేరుపడ్డ కొండవెలగాడ గ్రామం ఉన్న మా జిల్లాలో కూడా మామూలు జిమ్‌లకు ఈ సంగతి పట్టకపోవడం విచిత్రమే.

చెక్క దిమ్మలు గానీ, పడుకోబెట్టిన ప్లేట్లు గానీ రెండు వైపులా కింద పెట్టి కడ్డీని ఆ 22.5 సెం.మీ. ఎత్తుకు తెస్తే సరిపోతుంది. ఆ తరువాత కడ్డీ పాదం మధ్యభాగానికి సరిగ్గా పైన ఉండేలా నిలబడాలి. ఇక్కడ పాదమంటే మడమ చివరి నుంచి వేళ్ల కొస దాకా అని గుర్తుంచుకోవాలి. చాలామంది కడ్డీని బొటనవేళ్ల మీదికి నెట్టేసి, ఎత్తేటప్పుడు ముందుకు తూలుతారు. కడ్డీని పట్టుకున్నాక ఒక్కసారిగా గుంజకూడదు. ఊపిరి నింపి, పొట్ట, చంకలు బిగించి మెల్లగా లాగితే, ప్లేటు రంధ్రానికీ కడ్డీకీ మధ్య ఉన్న సందు మూసుకుని 'టక్'మని చిన్న చప్పుడు వస్తుంది. అది విన్నాకే నేలను పాదాలతో బలంగా తొక్కుతూ లేవాలి. మెత్తటి అడుగున్న పరుగు బూట్లు దీనికి పనికిరావు. ఎదురుగా ఉన్న అద్దంలోకి మెడ ఎత్తి చూసుకోవడం వల్ల ప్రయోజనమూ లేదు, ఎందుకంటే భుజాల కంటే ముందు తుంటి లేచిపోతోందా లేదా అన్నది పక్కనుంచి తీసిన వీడియోలోనే తెలుస్తుంది.

ట్రెడ్‌మిల్‌లకు లక్షలు వెచ్చించే జిమ్ యజమానులు, 45 సెం.మీ. వ్యాసమున్న 10 కిలోల రబ్బరు ప్లేట్లు కనీసం ఒక జత కొని కొత్తవారి కోసం కేటాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయనగరం